చియాంగ్ మాయ్ ఖావ్ సోయ్: మసీదు సందులో నూడుల్స్ కొట్టు

గట్టుమీద_చింత · ఆదివారం రాత్రి

ఆఫీసు పని మీద ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ వచ్చి ఇవాళ్టికి 5 వారాలు. ఇంకో 3 వారాల్లో ఇంటికి. వెళ్ళేలోపు ఇక్కడి ఒక కొట్టు గురించి రాసి పెట్టాలనిపించింది. థాయ్‌లాండ్ వెళ్ళొచ్చిన మనవాళ్ళలో ఎవరిని కదిపినా బ్యాంకాక్, పట్టాయా, ప్యాడ్ థాయ్, అక్కడితో సరి. ఉత్తరాన ఇంకో వంట ఉందని చెప్పేవాళ్ళు తక్కువ.

నైట్ బజార్‌కి దగ్గర్లో చరోయెన్ ప్రథేట్ సోయ్ 1 అని ఒక సందు. బాన్ హా మసీదు ఉండేది అక్కడే. ఆ చుట్టుపక్కల ఖావ్ సోయ్ అనే కొబ్బరిపాల పులుసు నూడుల్స్ అమ్మే హలాల్ కొట్లు కొన్ని ఉన్నాయి. నేను వెళ్ళేదాని పేరు థాయ్‌లో రాసుంది, నాకు చదవడం రాదు. 6 స్టీలు బల్లలు, ప్లాస్టిక్ స్టూళ్ళు, గోడకో ఫ్యాను. పొయ్యి వీధి వైపే ఉంటుంది. దాని వెనక ఓ పెద్దావిడ. అందరూ ఆమెను 'పా' అంటారు, మనం పెద్దమ్మా అన్నట్టు. నేనూ అలాగే పిలుస్తున్నాను.

పా చెయ్యి చూస్తూ నిలబడిపోతాను రోజూ. నూడుల్స్ గుప్పెడు తీసి జాలీ గరిటెలో వేసి, మరిగే నీళ్ళలో ముంచి, రెండుసార్లు విదిలించి గిన్నెలోకి వంపుతుంది. గుడ్డు కలిపిన పిండితో చేసినవి, పసుపురంగు, కాస్త బల్లపరుపుగా ఉంటాయి. పైన ఒక కోడికాలు. దాని మీద పెద్ద డేగిసాలోంచి ఎర్రటి పులుసు. పక్కనే చిన్న గిన్నెలో చిక్కటి కొబ్బరిపాలు ఉంటాయి, అవి ఆఖర్న ఒక్క గరిటె. కలపదు. ఎరుపు మీద తెల్లగా అలా తేలుతూ ఉంటుంది. చివరికి అవే నూడుల్స్‌ని నూనెలో కరకరలాడేలా వేయించినవి ఓ పిడికెడు. 60 బాత్.

మొదటిసారి వెళ్ళినప్పుడు గిన్నె రాగానే తినేశాను. బాగానే ఉంది, కమ్మగా ఉంది, అంతే అనుకున్నాను. పక్కన చిన్న ప్లేటులో ఊరబెట్టిన ఆవాకు, పచ్చి చిన్నుల్లిపాయ (సాంబారు ఉల్లి) ముక్కలు, నిమ్మచెక్క పెట్టారు. అవి సలాడ్ అనుకుని వదిలేశాను. పా అది చూసి పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. ఏమీ మాట్లాడకుండా ఆవాకు మొత్తం నా గిన్నెలో వేసి, ఉల్లిపాయలు వేసి, నిమ్మచెక్క పిండి, నూనెలో వేయించిన కారం అర చెంచా కలిపి, 'ఇప్పుడు తిను' అన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళింది.

అది వేరే వంట. అంతసేపూ జోకొట్టిన కొబ్బరిపాలు ఒక్కసారి లేచి కూర్చున్నట్టయింది. పులుపు, కారం, పచ్చి ఉల్లిపాయ ఘాటు, మధ్యలో కరకర. మాది కోనసీమ. కొబ్బరిపాలు పోసిన కూర ఎంత తిన్నా చాలనిపించదు నాకు, కానీ సగం తిన్నాక వెగటు కొడుతుందని కూడా తెలుసు. ఇక్కడ ఆ వెగటు రానివ్వకుండా ఆపేది ఆ చిన్న ప్లేటే. వంటావిడ సగం వండుతుంది, మిగతా సగం తినేవాడు వండుకోవాలి.

థాయ్‌లాండ్‌లో ఇంకెక్కడ ఏ నూడుల్స్ తినాలో తెలిసినవాళ్ళు చెప్పండి. నాకున్న 3 వారాల్లో 2 శని, ఆదివారాలు ఖాళీ.

రాత్రిడ్యూటీ · ఆదివారం రాత్రి

బ్యాంకాక్‌లో 6 ఏళ్ళుగా ఉంటున్నాను. చింత గారూ, మీరు ఆ చిన్న ప్లేటు గురించి రాసింది ఈ దేశం మొత్తానికీ వర్తిస్తుంది. ఏ నూడుల్స్ కొట్టుకి వెళ్ళినా బల్ల మీద నాలుగు గిన్నెల స్టాండు ఉంటుంది: పంచదార, ఎండు కారం, మిరపకాయలు వేసిన చేపల సాస్, మిరపకాయలు వేసిన వెనిగర్. సూపులో పంచదార ఏమిటని మొదట్లో నేనూ ముట్టుకోలేదు. ఇప్పుడు అర చెంచా వెయ్యకపోతే నాకు గిన్నె పూర్తయినట్టుండదు.

బ్యాంకాక్ దిగితే విక్టరీ మాన్యుమెంట్ దగ్గర బోట్ నూడుల్స్ తినండి. ఒకప్పుడు కాలవల్లో పడవ మీద కూర్చుని అమ్మేవాళ్ళు, అందుకే ఆ పేరు. గిన్నె అరచేతిలో పడుతుంది, నాలుగు ముద్దలకి అయిపోతుంది. పడవలోంచి గట్టు మీది మనిషికి వేడి సూపు అందించాలంటే చిన్న గిన్నె అయితేనే ఒలకదు అంటారు ఇక్కడివాళ్ళు. ఒక్కొక్కరు 8, 10 గిన్నెలు పేర్చేస్తారు. ఒక్క జాగ్రత్త: సూపు చిక్కబడటానికి అందులో పంది రక్తమో పశువు రక్తమో కలుపుతారు. 'నామ్ తోక్' అంటే అదే. పట్టింపు ఉన్నవాళ్ళు ముందే అడగండి.

ప్యాడ్ థాయ్‌ని మాత్రం తక్కువ చెయ్యకండి. అది పాతకాలపు ఊరివంట కాదు, నిజమే. ఫిబున్‌సాంగ్‌ఖ్రామ్ ప్రధానిగా ఉండగా 1939లో సయామ్ పేరు థాయ్‌లాండ్‌గా మారింది. ఆ రోజుల్లోనే దేశానికంతటికీ ఒక వంట ఉండాలని ప్రభుత్వమే నూడుల్స్‌ని ప్రోత్సహించింది. అయినా చింతపండు, తాటిబెల్లం, చేపల సాస్ సరిగ్గా పడిన ప్యాడ్ థాయ్‌కి సాటి లేదు. పర్యాటకుల వీధిలో కెచప్ పోసి చేసేది తిని దాని మీద అభిప్రాయం పెట్టుకోవద్దు.

శాకంబరి · సోమవారం ఉదయం

అండీ, చదువుతుంటేనే నోరూరింది, కానీ మా సమస్య వేరు. డిసెంబరులో అమ్మానాన్నలతో చియాంగ్ మాయ్ వస్తున్నాం. ఇద్దరూ శుద్ధ శాకాహారులు, గుడ్డు కూడా తినరు. చేపల సాస్ అన్నిట్లో వేస్తారని విన్నప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. వారం రోజులూ బ్రెడ్డు, అరటిపళ్ళతో గడపాలా? మేం ఖావ్ సోయ్ తినగలమా?

పచ్చిపులుసు · సోమవారం ఉదయం

'నో ఫిష్ సాస్, నో చికెన్' అని చెబితే చాలండీ, వేరే చేసిస్తారు. మేం అలాగే తిన్నాం.

రాత్రిడ్యూటీ · సోమవారం ఉదయం

పచ్చిపులుసు గారూ, అలా చెబితే పైన ముక్క తీసేస్తారంతే. పులుసు అప్పటికే కోడి ఎముకలతో కాగి ఉంటుంది. మసాలా ముద్దలో రొయ్యల ముద్ద కూడా ఉండొచ్చు. ఖావ్ సోయ్ నూడుల్స్‌లో గుడ్డు ఉండనే ఉంటుంది. వాళ్ళు మోసం చేస్తున్నారని కాదు, వాళ్ళ లెక్కలో మాంసం అంటే ముక్కే.

శాకంబరి గారూ, మీకు కావలసిన మాట 'జే'. పసుపు పచ్చని జెండా మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది, ఒకసారి చూస్తే మర్చిపోరు. చైనా బౌద్ధుల పద్ధతి అది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మీ నాన్నగారు కార్తీకమాసంలో తినే భోజనం అనుకోండి. 'మాంగ్‌సవిరాట్' అని ఇంకో మాట వినిపిస్తుంది, దాంట్లో గుడ్డు, పాలు ఉండొచ్చు. కాబట్టి 'జే' అనే అడగండి. చియాంగ్ మాయ్‌లో జే కొట్లు చాలా ఉన్నాయి.

గట్టుమీద_చింత · సోమవారం మధ్యాహ్నం

నిన్న సాయంత్రం నేను ఒక జే కొట్లో ఖావ్ సోయ్ తిన్నాను, ఇలాంటి ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారనే. కోడి బదులు పుట్టగొడుగులు, వేయించిన టోఫు వేశారు. చిన్నుల్లిపాయ లేకపోవడం తెలుస్తుంది, దాని బదులు ఆవాకు ఎక్కువ వేసుకున్నాను. శాకంబరి గారూ, అమ్మగారికి నచ్చుతుంది, ధైర్యంగా రండి. మధ్యాహ్నం 2 లోపు వెళ్ళండి. ఖావ్ సోయ్ కొట్లు చాలావరకు పొద్దున తెరిచి, డేగిసా ఖాళీ అవగానే కట్టేస్తారు. డిసెంబరు మంచి నెల. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబెట్టిన పొగ ఊరి మీద కమ్ముకుంటుంది, పెద్దవాళ్ళతో అప్పుడు రావద్దు.

చార్‌కమాన్ · సోమవారం సాయంత్రం

మసీదు పక్కన అన్నరు కదా అన్నా, హలాల్ దొరుకుడు మాకు పెద్ద సంగతి. మొన్న పట్టాయాలో రెండు దినాలు పండ్లు తిని ఉన్నం. ఒక్కటి అర్థమైతలేదు. థాయ్‌లాండ్ ఉత్తరాన, అంత లోపల, ముస్లింలు నూడుల్స్ అమ్ముడేంది? ఎక్కడి నుంచి వచ్చిన్రు?

రాత్రిడ్యూటీ · సోమవారం రాత్రి

మంచి ప్రశ్న. వాళ్ళని థాయ్‌లో 'చిన్ హా' అంటారు. చైనాలోని యున్నాన్ నుంచి కంచరగాడిదల మీద సరుకులేసుకుని కొండలు దాటి వచ్చిన వ్యాపారులు. వాళ్ళలో చాలామంది ముస్లింలు. 1856 నుంచి 1873 దాకా యున్నాన్‌లో ముస్లింల తిరుగుబాటు జరిగింది, చైనా చక్రవర్తి సైన్యం దాన్ని అణిచేసింది. ఆ తర్వాత ఎన్నో కుటుంబాలు బర్మాకి, సయామ్‌కి తరలిపోయాయి. అంటే ఖావ్ సోయ్ గిన్నెలో ఉన్నది మూడు దేశాల దారి. నూడుల్స్ చైనావి. పసుపు, కరీ పొడి మన వైపువి. కొబ్బరిపాలు తర్వాత థాయ్ దక్షిణం నుంచి వచ్చి చేరాయని, మొదట్లో పలచటి పులుసే ఉండేదని ఇక్కడి పెద్దవాళ్ళు చెబుతారు.

చార్‌కమాన్ బ్రో, ఆ కొట్లలోనే 'ఖావ్ మోక్' అడుగు. థాయ్ ముస్లింల బిర్యానీ. పసుపు అన్నం, పైన వేయించిన ఉల్లిపాయ. మన దమ్ బిర్యానీతో పోల్చకుండా తిను, నచ్చుతుంది.

బర్మాక్యాంపు · సోమవారం రాత్రి

ఈ చర్చ చదివి రాయకుండా ఉండలేకపోయాను. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు. మాది విశాఖపట్నం, బర్మా క్యాంపు. మా అమ్మమ్మ పుట్టింది రంగూన్‌లో. మా ఉత్తరాంధ్ర వాళ్ళు రంగం అంటారు. కూలికో, రేవులో పనికో, వ్యాపారానికో ఇంటికొకరు రంగం వెళ్ళినవాళ్ళే. బర్మావాళ్ళు మనవాళ్ళని 'కొరంగీలు' అనేవారట, కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి ఓడెక్కి వచ్చేవాళ్ళు కాబట్టి. 1962లో సైనిక నాయకుడు నే విన్ అధికారంలోకి వచ్చి, తర్వాత దుకాణాలు జాతీయం చేశాక అమ్మమ్మ వాళ్ళు ఉన్నదంతా వదిలేసి వచ్చేశారు.

తెచ్చుకున్నది ఏదైనా ఉందంటే వంట. మా ఇంట్లో ఆదివారం అంటే 'ఓన్ నో ఖౌ స్వే'. ఓన్ నో అంటే కొబ్బరిపాలు, ఖౌ స్వే అంటే నూడుల్స్. కోడి పులుసు, కొబ్బరిపాలు, పసుపు, పైన వేయించిన నూడుల్స్, పచ్చి ఉల్లిపాయ, నిమ్మకాయ, కారం, ఉడికిన గుడ్డు. ఎవరికి కావలసినంత వాళ్ళు కలుపుకోవాలి, అమ్మమ్మ కలిపి ఇచ్చేది కాదు. చింత గారు రాసిన గిన్నెలో నాకు మా ఇల్లు కనిపించింది. ఒక్కటే తేడా. మేం పులుసు చిక్కబడటానికి వేయించిన శెనగపిండి వేస్తాం.

ఇంకో మాట. చైనా ముస్లింలని బర్మాలో 'పాంథే' అంటారు. పాంథే ఖౌ స్వే అని ఇంకో రకం కూడా చేసేది అమ్మమ్మ. ఆ పాంథేలు ఎవరో నాకు ఇన్నేళ్ళూ తెలీదు. ఇందాక రాత్రిడ్యూటీ గారి పోస్టు చదివి మా అమ్మకి ఫోన్ చేశాను.

వంటింటి_లెక్క · మంగళవారం ఉదయం

డల్లాస్ నుంచి. నిన్న రాత్రి ఇదంతా చదివి ఉత్సాహంగా వండాను, కానీ కుదరలేదు. కొబ్బరిపాలు విరిగి తరకలు కట్టాయి. వేయించిన నూడుల్స్ సగం మాడాయి, సగం మెత్తబడ్డాయి. మసాలా పచ్చి వాసన పోలేదు. ఎక్కడ తప్పిందో చెప్పగలరా? డబ్బాలో కొబ్బరిపాలు 400 మిల్లీలీటర్లు మొత్తం ఒకేసారి పోసి మరిగించాను.

గట్టుమీద_చింత · మంగళవారం మధ్యాహ్నం

ఇవాళ రద్దీ తగ్గాక ఫోన్‌లో అనువాదం పెట్టుకుని పా దగ్గర కూర్చుని అడిగాను. ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను.

డబ్బా కదపకుండా తెరిస్తే పైన గట్టిగా ఉండే మీగడ నాలుగైదు చెంచాలు వస్తుంది. ముందు అదొక్కటే బాణలిలో వేసి చిన్న మంట మీద నూనె తేలేదాకా ఉంచాలి. ఆ నూనెలో మసాలా ముద్ద వేసి వేయించాలి. పచ్చి వాసన పోయేది అక్కడే. ముద్దలోకి ఎండుమిర్చి, చిన్నుల్లిపాయలు, వెల్లుల్లి, అల్లం, పసుపుకొమ్ము, కొత్తిమీర వేళ్ళు, ఇంకా మన బిర్యానీలో వేసే నల్ల యాలక్కాయకి దగ్గరి చుట్టం లాంటిది ఒకటి, ఇక్కడ 'చ కో' అంటారు. ఉల్లిపాయలు, అల్లం ముందుగా నిప్పుల మీద నల్లబడేదాకా కాల్చి నూరుతుంది. ఆ తర్వాత కోడి, నీళ్ళు. పలచటి కొబ్బరిపాలు చివర్లో పోసి, తెర్లనివ్వకుండా చిన్న మంట మీద ఉంచాలి.

నూడుల్స్ వేయించేముందు విడివిడిగా పరిచి తడి ఆరనివ్వాలట. కొద్దికొద్దిగా వెయ్యాలి, లేత బంగారు రంగు రాగానే తీసెయ్యాలి, బయటికొచ్చాక కూడా రంగు తిరుగుతుంది. మనం అప్పడాలకి పాటించే లెక్కే.

శాకంబరి · మంగళవారం సాయంత్రం

అమ్మ ఇది చదివించుకుని విని, తను ఇంట్లోనే కోడి లేకుండా చేస్తానంటోంది. ప్రయాణానికి ముందే.

ఎర్రకాలవ · మంగళవారం రాత్రి

దక్షిణం గురించి ఎవరూ చెప్పలేదు. పోయినేడు ఫుకెట్‌లో పొద్దున్నే ఖనోమ్ జీన్ తిన్నాం. బియ్యప్పిండితో చేసే నూడుల్స్, పిండిని పులియబెట్టి, చిల్లుల గిన్నెలోంచి మరిగే నీళ్ళలోకి ఒత్తుతారు. మన జంతికల గొట్టం గుర్తొచ్చింది. మీద చేప వేసి ఉడికించిన కొబ్బరిపాల కూర. బల్ల నిండా పచ్చి ఆకులు, దోసకాయలు, మొలకలు, ఊరగాయలు పెట్టేస్తారు. ఎన్ని నంజుకున్నా లెక్క అడగరు. టిఫిన్‌కి అంత కారం తట్టుకోగలిగితే తప్పక తినండి.

గట్టుమీద_చింత · బుధవారం రాత్రి

ఎర్రకాలవ గారూ, ఆ ఖనోమ్ జీన్‌కి ఉత్తరాదిలో వేసే పులుసు ఇవాళ తిన్నాను. దాని పేరు నామ్ ఙియావ్. చిన్నప్పుడు బళ్ళో దిద్దిన 'ఙ'కి ఇన్నాళ్ళకి పని దొరికింది. మసీదు సందులో కాదు, ఇంకో పేటలో, ఇది పంది ఎముకలతో చేసేది. చార్‌కమాన్ బ్రో, నీకు పనికిరాదు.

కొబ్బరిపాలు ఉండవు. టమాటాల పులుపు, ఎర్రగా పలచగా ఉంటుంది. పులిసిన సోయా గింజలని అప్పడంలా ఎండబెట్టి, కాల్చి నూరి కలుపుతారు, మన ఎండుచేప చేసే పనే అది చేస్తుంది. చెంచాతో తిప్పుతుంటే గిన్నె అడుగున గోధుమరంగులో పొడుగ్గా, పుల్లల్లాంటివి తగిలాయి. ఒకటి నోట్లో పెట్టుకుంటే మెత్తగా, కాస్త నారగా, పులుసు పీల్చుకుని ఉంది. మాంసమేమో అనుకున్నాను. కొట్టతను లోపలికెళ్ళి ఒక సంచీ తెచ్చి చూపించాడు. ఎండిన పూల కేసరాలు. ఫోన్‌లో చెట్టు ఫోటో చూపించాడు. ముళ్ళ కాండం, ఆకుల్లేని కొమ్మలు, ఎర్రటి దొప్పల్లాంటి పూలు.

బూరుగు చెట్టు! మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో చెరువుగట్టు మీద ఉండేది. మాఘమాసం చివర్లో గట్టంతా ఎర్రగా రాలి ఉండేవి ఆ పూలు. కాయలు పగిలాక దూది ఏరి దిండ్లు కుట్టేవాళ్ళు. పూలని తొక్కుకుంటూ బడికి వెళ్ళాం తప్ప ఎవరూ వండగా చూడలేదు. ఇక్కడ వాటిని ఎండబెట్టి ఏడాదంతా దాచుకుంటారు. మన వైపు ఏజెన్సీ ఊళ్ళలో ఎవరైనా వండుకుంటారా? తెలిస్తే రాయండి, నిజంగా తెలుసుకోవాలనుంది.

చార్‌కమాన్ · గురువారం ఉదయం

పర్వాలేదన్నా, పూల సంగతి చదివి సంతోషమైంది. మేం జనవరిల టికెట్లు బుక్ చేసినం, ఈసారి పట్టాయా లేదు. ఆ సందుకే వస్తున్నం.

రాత్రిడ్యూటీ · గురువారం ఉదయం

వస్తే శుక్రవారం ఉండేలా చూసుకో బ్రో. శుక్రవారం పొద్దున ఆ మసీదు ఎదురుగా సంత జరుగుతుంది. యున్నాన్ వాళ్ళు, బర్మా వైపు షాన్ జాతివాళ్ళు కొండల మీద నుంచి దిగి వస్తారు. ఊరబెట్టిన ఆవాకు, టీ ఆకులు, ఎండబెట్టిన మాంసం, అప్పటికప్పుడు చేసిపెట్టే నూడుల్స్. 9 దాటితే మంచివి అయిపోతాయి.

బర్మాక్యాంపు · ఆదివారం మధ్యాహ్నం

చింత గారూ, పా చెప్పిన పద్ధతిలో ఇవాళ నేనే వండి అమ్మకి పెట్టాను. మీగడలో నూనె తేలేదాకా ఆగాను. ఉల్లిపాయలు గ్యాస్ మంట మీద కాల్చాను. నల్ల యాలక్కాయ మా బజార్లో దొరికింది. ఆవాకు దొరకలేదు, ముల్లంగి ఆకు రెండు రోజులు ఉప్పులో ఊరేశాను. అమ్మ మాట్లాడకుండా గిన్నె ఖాళీ చేసింది. అడుగున పులుసు కూడా ఎత్తి తాగి, 'కమ్మగా ఉందిరా. కానీ శెనగపిండి మర్చిపోయావేటి?' అంది. ఇది వేరే ఊరి వంట అని ఎంత చెప్పినా వినలేదు. వచ్చే ఆదివారం తను చేసి చూపిస్తుందట. ఇవాళ్టి గిన్నె ఫోటో, పాతది అమ్మమ్మ చేసినదాని ఫోటో, రెండూ కింద పెట్టాను. వీలైతే పా గారికి చూపించండి.

గట్టుమీద_చింత · సోమవారం రాత్రి

చూపించాను. కళ్ళజోడు తెచ్చుకుని చూసింది. మీరు చేసినదానికి తలూపింది. అమ్మమ్మ గారి గిన్నె దగ్గర ఆగి, ఫోటో పెద్దది చేయించుకుని, ఉడికిన గుడ్డు మీద వేలు పెట్టి 'ఖావ్ సోయ్ ఫమా' అంది. ఫమా అంటే బర్మా. శెనగపిండి సంగతి అనువాదంలో చెప్పాను. అది తనకి తెలుసట. శుక్రవారం సంతలో షాన్ వాళ్ళు టోఫు చేసేది శెనగపిండితోనే అని, పసుపు ముద్దలా ఉంటుందని, ఎవరి దగ్గర కొనాలో కూడా చెప్పింది. ఈ శుక్రవారం వెళ్తున్నాను. మీ అమ్మగారు పిండి ఎంత వేస్తారో, ఎప్పుడు వేస్తారో అడిగి ఆలోపు రాయండి. పా అడగమంది.